ఎవరూ చెయ్యని ఐసు

ఫరీదాబాద్. జూన్, ఆదివారం రాత్రి.

మనాలి పైన కొండల్లో ఉన్న సరస్సు ఫోటో ఒకటి అబ్బాయి తెచ్చాడు. వచ్చే వారం అందరం వెళ్దామంటున్నాడు. ఇంత ఎండాకాలంలోనూ అక్కడ నీళ్ల మీద ఐసు తేలుతోంది. అదీ నీలంగా. బతుకంతా ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాను. మా దిమ్మ మధ్యలో ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

"అక్కడ మిషను ఎవరు నడుపుతారే?" అన్నాను.

"కోయీ నహీ తాతయ్యా, దానంతటదే గడ్డకడుతుంది," అని మనవరాలు నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కరెంటు లేదు, అమ్మోనియా లేదు, అంత ఐసు. ఫోటో కింద పెట్టలేకపోయాను.

"పైన గాలి పలచన నాన్నా. మీరు నడవలేరు, గుర్రం మాట్లాడతాను," అన్నాడు అబ్బాయి.

"గుర్రమెక్కడానికి నేనేమన్నా ఇక్కడి పెళ్లికొడుకునా? నడిచే వస్తా, లేదంటే ఇంట్లోనే ఉంటా," అన్నాను.

సాయంత్రం ఎవరూ చూడకుండా మేడ మెట్లు ఎక్కి చూసుకున్నాను. సగంలోనే ఆయాసమొచ్చి కూలబడ్డాను. ఇక కొండ అంటే...

ఆ ఐసు మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలి. పొద్దున్నే అబ్బాయికి చెప్పాలి, గుర్రం కాస్త నెమ్మదైనది చూడమని.