వలిసె నూనె పోసిన మిషన్

నా ముద్దుల చెల్లి జ్యోతికి,

మీ అక్క సుమిత్ర రాసేదేమిటంటే, నేనిక్కడ బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, నిద్రపోతున్నాను, అమ్మని బెంగపెట్టుకోవద్దను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అన్నయ్య చోళ్ళు నూర్చాడా? మన కొండమీద పొద్దున మంచు ఎప్పటికి విడుస్తోంది? ఈ విశాఖ దగ్గర మంచన్న మాటే లేదు, ఒకటే ఉక్క. హాస్టల్లో తెల్లన్నం కడుపునిండా పెడతారు గాని, గంట తిరక్కుండా ఆకలేస్తుంది. చోడి అంబలి గుర్తొచ్చిన రోజు మాత్రం ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. అయినా బాగానే ఉన్నానులే.

కళ్ళు చూపించుకోడానికి వచ్చిన గాసి మావయ్య నిన్న నా దగ్గరికి వచ్చి అంతా చెప్పాడు. అన్నయ్య సంతలో నీకు పాత కుట్టుమిషన్ కొన్నాడట. అది కిర్రుమంటోందని అమ్మ వంటింట్లోంచి వలిసె నూనె తెచ్చి పోసిందట. రెండు రోజులు బ్రహ్మాండంగా తిరిగి తర్వాత చక్రం బిగుసుకుపోయిందట. కాఫీ పళ్ళ కోత అవగానే మా చొక్కాల కంపెనీ ఏజెంటు పనికి ఆడపిల్లల కోసం మనూరు వస్తాడు. మిషన్ తిరక్కపోతే నిన్ను కూడా పంపేస్తానని అమ్మ అంటోందట. నీకేమో ఇల్లు వదిలి రావాలని లేదు. "అక్కనడిగి ఏమేం కావాలో పంపించమను, అక్కకన్నీ తెలుసు" అన్నావట.

నాకేం తెలుసే? పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాలకి కాలర్లు అతుకుతాను, అంతే. చేతులొకరు, జేబులొకరు, గుండీలొకరు. దారం ఎవరో ఎక్కిస్తారు. సూది విరిగితే చెయ్యెత్తాలి, మెకానిక్ వచ్చి మారుస్తాడు. నూనె ఎక్కడ పోస్తారో కూడా ఇంతవరకు చూడలేదు. ఇన్నాళ్ళూ అడగాలని ఎందుకు తోచలేదో నాకే ఆశ్చర్యంగా ఉంది.

అందుకని మావయ్యని వెంటబెట్టుకుని మా సందు చివర జాకెట్లు కుట్టే నూకాలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటే గుంటా, కంపెనీలో పన్జేత్తన్నావు, సూది మార్సడం రాదా?" అని పడీపడీ నవ్వింది. సిగ్గేసింది గాని వదల్లేదు. కూరలో అంత కమ్మగా ఉండే వలిసె నూనె ఇనుములో బంకెందుకయిందని అడిగాను. "గాలి తగిలితే అది ఆరిపోద్దే, తలుపుకి రంగేసినట్టు. బేగి కిరసనాయిలు పోయించు" అంది.

ఆవిడ చెప్పిన ప్రకారం నువ్వు చెయ్యాల్సింది ఇదీ. ముందు దారం, సూది తీసెయ్. నూనె పోసే చిల్లులన్నిట్లో కాస్త కిరసనాయిలు వేసి నానబెట్టు. పొయ్యి దగ్గర మాత్రం వద్దు. తర్వాత చక్రం చేత్తో ముందుకీ వెనక్కీ కదుపు, బలవంతం చెయ్యకు. నల్లటి బంక బయటికొస్తుంది, పాతగుడ్డతో తుడిచెయ్. కిరసనాయిలు పూర్తిగా ఆరాక నేను పంపిన మిషన్ నూనె పొయ్యి, చుక్కలు చాలు. ఇది అమ్మకి చదివేటప్పుడు ఆవిడ తప్పన్నట్టు చదవకు. ఇంట్లో ఉన్న మంచి నూనె తెచ్చి పోసింది పాపం.

మావయ్య సంచిలో మిగతావన్నీ పెట్టాను. సూదులు రెండు రకాలు: సన్నవి జాకెట్టు గుడ్డకి, లావువి దుప్పటి గుడ్డకి. సూదికి ఒకపక్క చదునుగా ఉంటుంది, పాతది తీసేముందు అది ఎటుందో చూసుకో. మన మంచుకి తుప్పు పట్టకుండా మూతున్న డబ్బాలో దాచు. కింద దారం చుట్టుకునే బాబిన్లు రంగుకొకటి ఉండాలట. టేపు, గీతలు గీసే సుద్ద, గుండుసూదులు కూడా ఉన్నాయి. కత్తెర గుడ్డకి తప్ప దేనికీ వాడకు, అన్నయ్య మీసాలకి అసలు ఇవ్వకు. వంకర కొక్కెంలా ఉన్నది కుట్లు విప్పడానికి. అది ఎందుకని అడిగితే, "కొత్తల్లో కుట్టడంకన్నా ఇప్పడమే ఎక్కువే" అంది నూకాలమ్మ.

ఇంకో మాట. ఆవిడ నన్ను తన మిషన్ మీద కూర్చోబెట్టి ఒక గుడ్డముక్క చేతికిచ్చింది. కొలవడం, కత్తిరించడం, మడవడం, కుట్టడం అన్నీ నేనే. సంచిలో అడుగున ఉన్న నీలం సంచీ అదే, అమ్మకి. ఒకపక్క పొడుగు, ఒకపక్క పొట్టి. చేతిలో పట్టుకుని హాస్టల్ దాకా నడిచొస్తుంటే ఏడుపొచ్చింది జ్యోతీ. ఇన్ని వేల చొక్కాలు నా చేతి మీదుగా వెళ్ళాయి, మొదలునుంచి చివరిదాకా నేను చేసింది ఇదొక్కటే.

అమ్మతో చెప్పు, ఏజెంటు వస్తే మా పిల్ల రాదని చెప్పెయ్యమను. నువ్వు ఇక్కడికి రావద్దు. చక్రం తిరిగిన రోజు మావయ్య చేత కబురు పెట్టించు, నేను కంపెనీలో చెప్పేసి వచ్చేస్తాను. మిషన్ ఒకటే కదా అనుకోకు. పొద్దున నువ్వు తొక్కు, మధ్యాహ్నం నుంచి నేను తొక్కుతాను.

నాన్నమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. అమ్మానాన్నల దీవెన నాకు కావాలి, అన్నయ్యకీ వదినకీ నేనడిగానని చెప్పు.

నీతోపాటు కుట్టు నేర్చుకోవాల్సిన నీ అక్క,
సుమిత్ర