ఆరుతో భాగించాను

మార్కాపురం, ఆదివారం రాత్రి

రేపు సెమినార్. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆధారమైన నిరూపణ ఈ సాయంత్రం కూలిపోయింది. ప్రాజెక్టు ఒప్పుకోకపోతే ఈ ఏడాది పోయినట్టే.

సున్నా, ఒకటి మాత్రమే ఉండే లెక్కల్లో, విలోమం ఉన్న రెండు వరుసల మాత్రికల సమూహం నాది. అందులో ఆరు మాత్రికలుంటాయి. అవి పనిచేసే ఏ తలాన్నయినా లోపల ఇంకా చిన్న కదలని ముక్క లేని, అంటే విడదీయరాని ముక్కలుగా విడగొట్టవచ్చని రాశాను. ‘విడదీయరాని’ అన్న మాట మీద ఇష్టంతో పేజీకి నాలుగుసార్లు రాశాను. విడగొట్టడానికి సగటు తీశాను, అంటే ఆరుతో భాగించాను.

మా సీనియర్ షబానా అక్క ఫోన్లో మెల్లగా అడిగింది. “ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా అయ్యేచోట, ఆరు ఎంతవుతాది మా?”

సున్నా. ఆరు ఒకట్లు రెండేసి కలిసి పోతే మిగిలేది అదే. నేను సున్నాతో భాగించాను.

దుకాణం మూసి వచ్చిన నాయనకు చెబితే నవ్వాడు. “ఆరు సున్నా ఎట్లవుతాది? నీ లెక్కన బేరం చేస్తే నేను దుకాణం ఎత్తేయాల్సిందే.” నా ముఖం చూసి ఆగాడు. “ఇంకో దారి లేదా తల్లీ?”

ఆ దారే వెతికాను. ఆ ఆరింటిలో మూడు ఏమీ మార్చని, మిగతా మూడు రెండు నిరూపకాలను తారుమారు చేసే ఒక తలం తీసుకుని చూశాను. అక్కడ మూలబిందువు గుండా పోయేవి మూడే రేఖలు. ఒకటి కదలలేదు. మిగతా రెండూ ఒకదాని చోటికి ఒకటి పోయాయి. కదలనిదానికి జతగా కదలని రేఖ ఇంకొకటి లేదు, కాబట్టి ఆ తలం ముక్కలుగా విడిపోదు. అంటే తప్పు నిరూపణలోనే కాదు, నేను నిరూపించానన్న మాటే అబద్ధం.

రేపు బోర్డు ముందు మొదట అదే చెప్పాలి. “తర్వాత?” అంటారు నా ప్రాజెక్టు గైడ్ మేడమ్. ఆ తర్వాతి వాక్యం కోసమే కూర్చున్నాను, ఏదీ రావడం లేదు…