బట్టీ గోడకు రెండో కన్నం

అమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వూ నాన్నా పనిచేసిన కోదాడ పెంకుల ఫ్యాక్టరీని బాగుచేసి జనానికి చూపిస్తున్నారు. నిన్న వెళ్లాను.

గుండ్రటి బట్టీ గోడకు, లోపలి మంట రంగు చూసే కన్నం నాన్న ఎత్తులో ఉంది. దానికి జానెడు కింద ఇంకొకటుంది.

"గిది ఎందుకు పెట్టిన్రో ఎవలకు తెల్వది మేడం, గాలికేమో," అన్నాడు చూపించే అతను.

దగ్గరికెళ్లి నిలబడ్డాను. వంగకుండానే నా కన్ను సరిగ్గా దానికి ఆనింది. నాది నీ ఎత్తే కదా!

నాన్న చెప్పేవాడు, తను "అయిపోయింది" అన్నా, నువ్వు మంట చూసి "ఇంక జర కాలాలె" అంటే మళ్లీ కట్టెలేసేవాడినని.

బట్టీ మేస్త్రీ అని బోర్డు మీద నాన్న పేరొక్కటే ఉంది.

"గాలికి గాదు, మా అమ్మకు," అన్నాను.

అతను పెన్ను తీశాడు.

"అమ్మ పేరేంది మేడం?"