గోడకు ఆనని పందిరి

పొద్దున్నుంచి ముసురు. నాట్లు వేసి వచ్చేసరికి నీ తమ్ముడు క్రేన్‌తో వాకిట్లో ఉన్నాడు. నువ్వు చనిపోయాక "వదినను నేనే సాకుతున్న" అని పినపాకంతా చాటుకుని ఇచ్చాడే రేకుల డబ్బా ఇల్లు, దాన్నిప్పుడు ఉన్నపళంగా క్రేన్‌తో ఎత్తుకెళ్ళి మణుగూరులో కిరాయికి ఇస్తాడట.

దాని ముందు తాటికమ్మల పందిరి వేయించినప్పుడు నవ్వాడు. "డబ్బాకే బిగించక వేరే గుంజలేంది వదినా, పిచ్చా?" అతని దానం నాకు తెలియనిదా? అందుకే నాలుగు గుంజలూ నేలలో పాతించాను. ఆ గోడకు ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు.

"పందిరి ఇప్పెయ్ వదినా, క్రేన్‌కు అడ్డం."

"నీ డబ్బా ఎనకనుంచి ఎత్తుకపో," అన్నాను.

పందిరి చుట్టూ రేపు తడికలు కట్టుకుంటాను. ఇవాళ పొద్దుగూకే లోపే ఇల్లూ, నీ తమ్ముడూ వెళ్ళిపోయారు.