ముప్ఫై టిక్కులు

డిసెంబర్ 4

ఆఖరి రోజు సంగతి ఒక్కసారి రాసి పెట్టుకుంటాను. మళ్ళీ రాయను.

నవంబర్ 21, శుక్రవారం. ఉదయం ఆస్పత్రి మంచం మీద మా ఆవిడ సగం గ్లాసు టీ తాగింది. చక్కెర వెయ్యలేదేం అంది. వేశాను. పదింటికి డాక్టరు చూసి, నన్ను బయటికి పిలిచి, గుండె బాగా అలిసిపోయింది అన్నాడు. లోపలికి రాగానే తను, షాపు మూసి వచ్చారా అని అడిగింది. మీ తమ్ముడు కౌంటర్లో ఉన్నాడన్నాను. వాడు కౌంటర్లో కబుర్లు చెప్తాడు, బెంచీ మీద పనెవరు చేస్తారు, కాలేజీ మెషీన్లు ఒప్పుకున్నాం గుర్తుందా అని విసుక్కుంది. మూడూ నలభైకి జగ్గులో నీళ్ళు పట్టడానికి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి అయిపోయింది. నర్సు టైం చెప్పింది. వేరే కాగితం అందక, జేబులో ఉన్న రిపేరు జాబ్ కార్డు వెనక రాసుకున్నాను.

ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో పక్క పక్క బెంచీల మీద కంప్యూటర్లు బాగుచేశాం.

డిసెంబర్ 5

షాపుకి వెళ్ళాను. నా రిస్ట్ స్ట్రాప్ సాగిపోయింది. తనది కొక్కేనికి వేలాడుతోంది. అదే పెట్టుకున్నాను. ఆఖరి రంధ్రానికి సరిపోయింది.

ఒంట్లో పేరుకునే స్టాటిక్ మనకి తెలియదు, చిప్పుకి తెలుస్తుంది. మన వేలికి చురుక్కుమనాలంటే ఎంత కావాలో అందులో పదో వంతు కూడా అక్కర్లేదు, అది పాడవడానికి. అందుకే మణికట్టుకి పట్టీ, పట్టీ నుంచి వైరు, వైరు నుంచి ఎర్త్. రోజూ పని మొదలుపెట్టే ముందు పట్టీతో టెస్టర్ ప్లేటు మీద వేలు పెట్టాలి. పచ్చ లైటు వస్తే రిజిస్టర్లో టిక్. ఎర్ర లైటు వస్తే ఇంటూ, ఆ రోజు బోర్డు ముట్టకూడదు. దీనికి తోడు తను పెట్టిన నియమం ఒకటి: ఒకరి లైటు ఇంకొకరు చూడాలి. మీ పరీక్షకి మీరే మార్కులేసుకుంటారా అనేది.

ఇవాళ చూసేవాళ్ళు లేరు. బావమరిదిని పిలవచ్చు. పిలవలేదు. టెస్టర్ ముట్టుకోలేదు. రిజిస్టర్లో పాత పేజీ చూడలేక కొత్త పేజీ తిప్పి, టిక్ పెట్టాను.

డిసెంబర్ 6

టిక్.

డిసెంబర్ 9

కాలేజీ మెషీన్లు వచ్చాయి. పద్నాలుగు. అన్నిటికీ కొత్త ర్యామ్ చిప్పులు వెయ్యాలి. జనవరి 22న ఆడపిల్లలకి వాటి మీదే పరీక్ష.

బావమరిది కౌంటర్లో ఎవరితోనో అంటున్నాడు, మా బావకి నోటితో పనిలేదండీ, స్క్రూడ్రైవరు తిప్పితే అదే ఆయన మాట్లాడినట్టు అని. నాకు వినిపించాలనే అన్నాడు. నవ్వు రాలేదు గాని, వాడు అన్నందుకు బాగానే ఉంది.

డిసెంబర్ 17

మెషీన్లు అప్పగించాం. అన్నీ టెస్టులో పాసయ్యాయి. ల్యాబ్ ఇన్‌చార్జి మామూలుగానే హాజరు పిలుస్తున్నట్టు గట్టిగా మాట్లాడింది, అక్క రాలేదేం, నామీద అలిగిందా అని. బావమరిది చెప్పాడు. ఆవిడ చాలాసేపు, శుభ్రంగా ఉన్న కీబోర్డునే తుడుస్తూ నిలబడింది.

డిసెంబర్ 29

కాలేజీ మెషీన్ ఒకటి ఆన్ కావడం లేదు. ర్యామ్ పోయింది. మార్చాను.

జనవరి 3

రెండోది. అదే రోగం. బావమరిది ఫోన్లో డీలర్ని ఉతికి ఆరేశాడు. ముంచేశావు కదయ్యా, పనికిరాని లాటంతా మాకే అంటగట్టావు అన్నాడు. నేను పక్కనే ఉండి తల ఊపాను. డీలర్ రెండు కొత్తవి పంపాడు.

జనవరి 8, సాయంత్రం 5

మూడో మెషీన్ ఇన్‌చార్జే స్కూటర్ మీద పెట్టుకుని తెచ్చింది. పరీక్షకి రెండు వారాలే ఉంది సార్, మధ్యలో ఆగిపోతే పిల్లలు ఏడుస్తారు అంది.

బెంచీ దగ్గర కూర్చున్నాను. వారం నుంచి గాలి బాగా పొడిగా ఉంది, పెదవులు పగిలాయి. స్ట్రాప్ పెట్టుకుని, కుర్చీలో సర్దుకుని, కేబినెట్ మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. అయినా ర్యామ్ వైపు చెయ్యి పోనిచ్చాను. సగంలో ఆగింది.

స్ట్రాప్ పెట్టుకున్న మనిషికి చురుక్కుమనకూడదు.

టెస్టర్ మీద వేలు పెట్టాను. ఎర్ర లైటు. ఇంకోసారి. ఎర్ర లైటు. వైరు లోపల, పట్టీకి తగిలించే గుండీ పక్కనే తెగి ఉంది. పైకి ఏమీ కనిపించదు.

రిజిస్టర్ పాత పేజీ తిప్పాను. నవంబర్ 14, తను షాపుకి వచ్చిన ఆఖరి రోజు. తన గడిలో ఇంటూ. పక్కన చిన్న అక్షరాలతో: వైరు మార్చాలి. ఇవాళ బోర్డులు ముట్టలేదు, బిల్లులు రాశాను. ఆ రోజు నేను బయటి రిపేర్ల మీద తిరుగుతున్నాను, ఆ సాయంత్రమే తనకి ఆయాసం మొదలైంది. ఆస్పత్రి హడావిడిలో నాకు చెప్పడం మరిచిపోయి ఉంటుంది.

కొత్త పేజీలో నావి, ఇవాళ్టితో కలిపి ముప్ఫై టిక్కులు. అన్నీ ఒకే సైజులో, చక్కగా ఉన్నాయి.

జనవరి 9

బావమరిదికి చెప్పాను. పదకొండు మెషీన్లు శుభ్రంగా నడుస్తుంటే ఎందుకు కెలకడం బావా అన్నాడు. వివరించాను. దెబ్బ తిన్న చిప్పు వెంటనే చావదు. లోపల సన్నటి దారి సగం కాలిపోతుంది, మిగతా సగం మీద నడుస్తుంది. టెస్టులో పాసవుతుంది. వారానికి పోతుందో, ఏడాదికి పోతుందో, అసలు పోదో ఎవరూ చెప్పలేరు. పరీక్ష మధ్యలో కూడా పోవచ్చు. తర్వాత మార్చినవీ ఇదే పట్టీతో వేసినవే, పద్నాలుగూ మార్చాల్సిందే.

సరే మారుద్దాం, కానీ ఎందుకో చెప్పక్కర్లేదు, పరీక్షకి ముందు ఉచితంగా సర్వీసింగ్ అందాం అన్నాడు. ఆ కాలేజీ అక్క సంపాదించిన పని బావా, నీ నోటితో పోగొట్టకు అన్నాడు. సరేనన్నాను.

మధ్యాహ్నం ఇన్‌చార్జికి ఫోన్ చేసి వాడు చెప్పినట్టే చెప్పాను. ఆవిడ ఎంతో సంతోషించింది. అక్క పద్ధతి మీరు తప్పలేదు సార్, ఇంకెవరు చేస్తారండీ ఇలా అంది.

ఫోన్ పెట్టేశాను. అన్నం తినలేదు.

జనవరి 10

డీలర్‌కి నిజం చెప్పాను. అయితే మీవాడు తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోమనండి అన్నాడు. బావమరిది ఫోన్ చేసి తీసుకున్నాడు. ఒక్కటి మాత్రం ఉంచుకున్నాడట, కిందటేడు కీబోర్డుల బాపతు.

తర్వాత నా దగ్గరికొచ్చి, కాలేజీలో కూడా చెప్పేస్తావా అన్నాడు. చెప్తానన్నాను. వాళ్ళు ఇంకోళ్ళని చూసుకుంటే అన్నాడు. చూసుకోనీ అన్నాను. చాలాసేపు కౌంటరు మీది స్టిక్కరు గోటితో గీకాడు. నీతో వాదించి అక్క ఒక్కత్తే నెగ్గుకొచ్చింది అన్నాడు.

కొత్త వైరు తగిలించాను. ప్లేటు మీద వేలు పెట్టు, నేను చూస్తాను అన్నాడు. పెట్టాను. పచ్చ అని వీధిలోకి వినపడేలా అరిచాడు. అక్క ఇలాగే చెప్పేదా అని అడిగాడు. ఇంకా గట్టిగా చెప్పేది అన్నాను.

జనవరి 11, ఆదివారం

మెషీన్లు విప్పాక చెబితే అది సంజాయిషీ. విప్పకముందు చెబితేనే చెప్పినట్టు.

రేపు ఉదయం తొమ్మిదికి, ర్యామ్ మార్చడానికి ల్యాబ్ తాళం తీయకముందే, ఇన్‌చార్జికి చెప్తాను.