మేజర్ గారి హాజరు పట్టీ

ఉమ్ ఘువైలినా, దోహా
శుక్రవారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడు రాంబాబుకు,

అన్నయ్య సత్యం ఆశీస్సులు. నువ్వు మిలట్రీలో నాయక్‌వి అయ్యావు, చేతి మీద రెండు గీతలు వచ్చాయి. అయినా నాకంటే మూడేళ్ళు చిన్నవాడివే గనుక ఈ ఆశీస్సులు వంగి తీసుకోవలసిందే. అమ్మ ఆయాసం ఎలా ఉంది? మందులు పూటపూటకీ వేసుకుంటోందా, లేక నేను పంపినవన్నీ బీరువాలో దాచుకుంటోందా? మరదలు, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, నా గురించి బెంగ వద్దు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఇక్కడితో ఆపెయ్యి. మిగతాది నీకు.

ఇక్కడ ఎండలు కాస్త తగ్గాయి గానీ సముద్రపు ఉక్క తగ్గలేదు. నేను సామాన్లు ఇచ్చే స్టోరు రేకుల షెడ్డు కావడంతో పది గంటలకే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. పొద్దున్నే పనివాళ్ళంతా కిటికీ ముందు మూగుతారు. ఒకడు పార అంటాడు, ఒకడు గ్లవుజులు అంటాడు, వెనకనుంచి ఫోర్‌మన్ యల్లా యల్లా అని తరుముతాడు. గదికి వచ్చాక వంట నాదీ మల్లయ్యదీ. మల్లయ్య నిజామాబాద్ వైపు తాపీ మేస్త్రీ, నా పక్క మంచం అతనిదే. అతనికి చదువు రాదు. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు నేను చదివి పెడతాను, జవాబులు నేనే రాస్తాను. ఆరేళ్ళయినా వాళ్ళావిడ "దుబాయిల మంచిగున్నవా" అనే రాయిస్తుంది. అతనూ దిద్దడు, నేనూ దిద్దను. ఉత్తరం ఎవరిదైనా పక్కన కూర్చుని వినడం అతనికి అలవాటైపోయింది. నాకు వచ్చినవి కూడా బయటికి చదవవలసిందే.

మేజర్ గారు పోయారన్న నీ ఉత్తరం నాకు అందేసరికి అక్కడ పెద్దకర్మ కూడా అయిపోయింది. చదివి ఏడ్చాను. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఇకమీద రాయబోయేది చదివితే నాకు మనసే లేదనుకుంటావు. ఏడ్చాక కుళ్ళుకున్నాను. నీ మీద.

పాడె ముందు కొమ్ము నువ్వు పట్టావు. యూనిఫాం వేసుకుని అందరికంటే ముందు నువ్వు నిలబడ్డావు. ఆయన భార్య, అమ్మగారు, ఏ పని పడినా "రాంబాబు ఉన్నాడు కదా" అన్నారట, అది కూడా నువ్వే రాశావు. రాయకపోతే ఏం పోయింది? దానికి తోడు ఫోటో ఒకటి. ఆయన పడుకుని ఉన్నారు, నువ్వు సెల్యూట్ కొడుతున్నావు. మల్లయ్య దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, "గీ సెల్యూట్ కొట్టేటాయన నీ తమ్ముడా? మస్తుగున్నడు పో!" అన్నాడు. కడుపు మండిపోయింది. చచ్చిపోయిన మనిషిని చూడడం మానేసి నిన్ను చూస్తాడేమిటని అతని మీద కూడా కోపం వచ్చింది. ఫోటో తీసుకుని దిండు కింద బోర్లా పెట్టాను.

ఊళ్ళో అందరికీ నేను సత్యంగాడినే. కాలవ గట్టు పక్కన, మేజర్ గారు కుర్రాళ్ళని మిలట్రీ సెలెక్షనుకి తయారుచేసే ఆ గ్రౌండులో మాత్రం ఇంటిపేరుతో సహా సత్యనారాయణని. పశువులు కాసుకునేవాళ్ళ పిల్లలనైనా, కరణంగారి మనవణ్ణయినా ఆయన పూర్తి పేరుతోనే పిలిచేవారు. యుద్ధం కబుర్లు చెప్పమంటే, ఆ కొండల మీద పప్పు ఉడకడానికి ఎంతసేపు పట్టేదో చెప్పి ఊరుకునేవారు. ఆ హాజరు పట్టీకి ఉన్న పద్ధతి నీకు తెలిసిందే అయినా రాస్తాను, రాయకపోతే నా మంట నీకు అర్థం కాదు. సెలెక్టయి వెళ్ళిన కుర్రాడి పేరు పట్టీలో అలాగే ఉండేది. ఆ పేరు పిలవగానే ఉన్నవాళ్ళమంతా "డ్యూటీ, సార్!" అని అరిచేవాళ్ళం. గ్రౌండుకి రావడం మానేసినవాడి కోసం నెల రోజులు చూసి, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసేవారు.

మనిద్దరం ఒకే రోజు సెలెక్షనుకి నిలబడ్డాం. నా మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయని డాక్టరు నన్ను పక్కకు పంపించేశాడు. అవతల లైన్లో నువ్వు నవ్వుతున్నావు. నన్ను చూసి కాదని తెలుసు. అయినా ఆ నవ్వు ఇంకా మర్చిపోలేదు.

ఆ సాయంత్రం ఆయన మనింటికి వచ్చారు. నేను ధాన్యం బస్తాల వెనక కూర్చున్నాను, ఇంట్లో లేడని అమ్మ చెప్పింది. "రేపు పొద్దున గ్రౌండుకి రమ్మనండమ్మా. వద్దన్నది డాక్టరు, నేను కాదు" అన్నారు. ఆ మాట బస్తాల వెనక నుంచి స్పష్టంగా విన్నాను. వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు, ఆ నెలంతా వెళ్ళలేదు. కువైట్ గొడవ సద్దుమణిగాక వీసా దొరికింది, ఆయనకు చెప్పకుండానే వచ్చేశాను. నా పేరు మీద ఎర్ర గీత పడిపోయి ఉంటుందని ఇన్నేళ్ళూ నా లెక్క.

సెలవుకు రెండుసార్లు వచ్చాను కదా, రెండుసార్లూ ఆయనకు ఎదురుపడకుండా వెనక సందులోంచే తిరిగాను. పోయినసారి మేజర్ గారింటి దడి మీదుగా చూస్తే మీరిద్దరూ ఎదురెదురు కుర్చీల్లో టీ తాగుతున్నారు. ఆయనే స్వయంగా నీ కప్పులో టీ పోస్తున్నారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అమ్మ పైత్యం అనుకుని జీలకర్ర కషాయం ఇచ్చింది. తాగాను. ఏం చెప్పమంటావు?

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం మల్లయ్యకు చదివి వినిపిస్తున్నాను. నాకు అది మూడోసారి. చివరి పేజీలో నువ్వు రాశావు చూడు, "మర్నాడు పొద్దున్న కుర్రాళ్ళందరం గ్రౌండుకి వెళ్ళాం. అమ్మగారు పట్టీ ఇస్తే నేనే హాజరు పిలిచాను. నీ పేరు రాగానే ఎప్పటిలాగే అందరూ డ్యూటీ సార్ అన్నారు" అని. మూడుసార్లు చదివినా నా కళ్ళకు ఆనింది ఒక్కటే, నేనే హాజరు పిలిచాను అన్న ముక్క. చూశావా వీడి వైభోగం అనుకుంటూ గబగబా దాటేశాను.

మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "జెర ఆగు అన్నా. నీ పేరు సుత పిలిచిన్రా?"

"పిలిచారట."

"నువ్వు మిలట్రీల లేవు గదనే. కొట్టేసిన్రంటివి గద?"

నేను ఆ వాక్యం కోసం వేలితో వెతుక్కుంటున్నాను.

"ఎప్పటిలెక్కనే అని రాసిండు నీ తమ్ముడు. అంటే ఆ సారు రోజూ పిలుస్తుండె అన్నట్టు. డ్యూటీ అన్నరంటే తప్పేమున్నది? పొద్దుగాల లేసి నువ్వు ఏడికి పోతున్నవ్? డ్యూటీకే గద!"

అతనికది పెద్ద విషయం కాదు. ఇక్కడ మేమందరం అనే మాటే అది. డ్యూటీకి పోయాడు, డ్యూటీ దిగాడు, డ్యూటీలో చెయ్యి తెగింది. అతను లేచి బియ్యం కడగడానికి వెళ్ళాడు. నేను ఆ కాగితం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

నిన్న సాయంత్రం మన ఊరి రైసుమిల్లుకు ఫోన్ చేసి నిన్ను పిలిపించింది అందుకే. అమ్మకి ఏమైందోనని పరిగెత్తుకొచ్చి ఉంటావు, హడలగొట్టినందుకు ఏమీ అనుకోకు. నా పేరు ఎప్పటినుంచి పిలుస్తున్నారని అడిగాను.

"మొదట్నించీ పిలుస్తూనే ఉన్నారు. ఎప్పుడూ కొట్టెయ్యలేదు" అన్నావు.

"మరి నాకొక్కసారైనా చెప్పలేదేంరా?"

లైనులో గరగరమంటోంది. కట్ అయిందేమో అనుకున్నాను. అప్పుడు అన్నావు:

"ఏం చెప్పమంటావన్నయ్యా? సెలవుకొచ్చి నేను ఎదురుగా నిలబడితే, నా పేరు పిలిచి టకామని తర్వాత పేరుకెళ్ళిపోయేవారు. నీ పేరు దగ్గర మాత్రం ఆగేవారు. అందరూ డ్యూటీ అన్నాక కూడా తలెత్తి రోడ్డేపు చూసేవారు. నేను అక్కడే అటెన్షన్లో ఉన్నాను కదా, నన్ను చూడొచ్చు కదా! నాకు ఒళ్ళు మండిపోయేది. అది నేనెందుకు చెప్తాను నీకు?"

అప్పుడు నిజంగానే కట్ అయింది.

ఫోన్ బూత్‌లోంచి బయటికి వచ్చి గోడకు ఆనుకుని నవ్వాను. దారినపోయేవాళ్ళు వింతగా చూశారు. ఒరేయ్, ఏడేళ్ళుగా నేనొక్కణ్ణే కుళ్ళి చస్తున్నాననుకున్నాను. నువ్వు ఆ బూట్లూ ఆ బెల్టూ వేసుకుని, ఆయన పోసిన టీ తాగుతూ, నా మీద పడి ఏడుస్తున్నావా? నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అన్నగారు ఇలా రాయకూడదని తెలుసు, కానీ ఉన్న మాట.

గదికి వచ్చాక మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆయన రోడ్డు వైపు చూసిన ఆ పొద్దుల్లో కొన్నిటికి నేను ఊళ్ళోనే ఉన్నాను. వెనక సందులో. ముందు వీధిలోకి తిరిగి ఉంటే కనపడేవాణ్ణి. ఇది ఎవరి తప్పూ కాదు, నాదే. నువ్వు చెప్పి ఉంటే వెళ్ళేవాణ్ణేమోనని ఇందాకటిదాకా నీ మీద నెట్టి చూశాను. ఆయన వచ్చి గుమ్మంలో చెప్పినప్పుడే వెళ్ళనివాణ్ణి, నువ్వు చెబితే వెళ్ళేవాణ్ణా!

ఇక చిన్న చిన్న పనులు. ఎవరైనా ఇటు వస్తుంటే మాగాయ పంపించు, మూత గట్టిగా బిగించమని మరదలికి చెప్పు, పోయినసారి నూనె కారి పెట్టెలో బట్టలన్నీ పాడయ్యాయి. మేజర్ గారి ఫోటో ఇంకొకటి కావాలి. నువ్వు లేనిది పంపు. అమ్మగారి దగ్గరికి వెళ్ళి నా బదులు ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టు, సత్యనారాయణ పెట్టమన్నాడని పేరు చెప్పి మరీ పెట్టు, నీ ఖాతాలో కలుపుకోకు. తన దీవెన నాకు ఎప్పుడూ ఉండాలని అడిగానని మన అమ్మకు చెప్పు. వీధిలో పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ సెలవు అయ్యేదాకా హాజరు నువ్వే పిలుస్తావని తెలుసు. పిలువు. నా పేరూ పిలువు, వాళ్ళనీ డ్యూటీ అననివ్వు. కానీ నా పేరు దగ్గర నువ్వు ఆగకు. తలెత్తి రోడ్డు వైపు చూడకు. అందరి పేర్లలాగే పిలిచి టకామని తర్వాత పేరుకు వెళ్ళిపో. ఆ ఆగడం ఆయన నాకోసం ఆగింది. అది నీకు ఇవ్వను.

నీ అన్నయ్య
సత్యనారాయణ