కూత పెట్టని ఆట

నాన్నా,

ప్రియమైన నాన్నకి అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. కోపంగానే రాస్తున్నాను, అయినా చివరిదాకా చదువు. కబడ్డీ క్యాంపులో మా ఫోన్లన్నీ మేనేజరు బీరువాలో ఉన్నాయి. అందుకే మా ఆటగాళ్ళ సంఘం కార్యదర్శి జయమణి అక్క చేతికిచ్చి ఈ ఉత్తరం గాజువాక పంపుతున్నాను.

నిన్న నువ్వు మా టీమ్ ఓనర్ దగ్గరికి వెళ్ళావట. చేతులు కట్టుకుని, "మా అమ్మాయి ఆడతాది బాబూ, దాని మాటలు పట్టించుకోకండి" అన్నావట. భోజనాల దగ్గర అందరికీ వినిపించేలా ఆయనే చెప్పి నవ్వాడు. మా వాళ్ళెవరూ నా మొహం చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. కంచం వదిలేసి లేచిపోయాను.

అసలేం జరిగిందో కనుక్కున్నావా? అనూరాధ మా కార్నర్ డిఫెండర్. మోకాలు వాచి నడవలేనంటే, నొప్పి తెలియకుండా సూది వేసి మరీ కోర్టులోకి దింపారు. ఆ మ్యాచ్‌లోనే లిగమెంటు తెగింది. మర్నాడే కాంట్రాక్టు రద్దు చేసి ఎలమంచిలి బస్సెక్కించారు. ఆపరేషన్ టీమే చేయించాలి, లేచి ఆడేదాకా కాంట్రాక్టు ఉండాలి. సంఘం అడిగింది అంతే. అందులో నీకేం తప్పు కనిపించింది?

ఫ్యాక్టరీలో క్రేన్ మీంచి పడ్డ కామరాజు మామ కోసం నువ్వు గేటు ముందు ఎండలో పడుకున్నావు. అమ్మతో క్యారియర్ పట్టుకుని వచ్చి నేను చూశాను. జెండా నా చేతికిచ్చింది నువ్వే. అలాంటివాడివి నా దగ్గరికొచ్చేసరికి, "ఆటకి యూనియనేటమ్మా? ఆడుకోడానికి డబ్బులిస్తన్నారు, దండం పెట్టి ఆడు" అన్నావు. ఆ మాట ఇంకా గుచ్చుతోంది. నీది డ్యూటీ, నాది సరదానా? నీ నడుం పట్టేస్తే ఇల్లంతా కాపడం పెట్టాలి, నా భుజం ఊడితే మాత్రం నేను ఆటలో అరటిపండునా?

ఆదివారం మన ఊళ్ళోనే మ్యాచ్. కోర్టులోకి వెళ్తాం గానీ, ఏ రైడరూ కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టదు. అవతలి జట్టు పిల్లలూ సంఘంలోవాళ్ళే, వాళ్ళూ పెట్టరు. కూత లేకపోతే అంపైర్ వెనక్కి పంపి ఎదుటివాళ్ళకి పాయింటు ఇస్తాడు. ఇచ్చుకోమను. కెప్టెన్ని కాబట్టి మొదటి రైడు నాదే. ఆ తర్వాత నన్ను ఉంచుతారో, పీకేస్తారో. నువ్వు మాత్రం రావద్దు. పాసు పంపడం లేదు.

నీ దగ్గరే నేర్చుకుని, నీ చేతే మాటపడ్డ
దేవిశ్రీ


కామ్రేడ్ దేవిశ్రీకి,

ఇంట్లో నిన్ను ఇలా ఎప్పుడూ పిలవలేదు. ఇవాళ పిలవాలనిపించింది.

టికెట్టు కొనుక్కుని వచ్చాను. నువ్వు గీత దాటావు. పెదవి కదపలేదు. స్టేడియమంతా ఈలలు, బూతులు. నీ దవడ బిగిసిపోయి ఉండడం గ్యాలరీ పైమెట్ల మీదికి కూడా కనిపించింది. నిన్ను వెనక్కి పంపారు. అవతలి పిల్ల వచ్చింది, ఆమె కూడా నోరు విప్పలేదు. నా పక్కన కూర్చున్నవాడు, "డబ్బులు తీసుకుని ఆడరేటి? ఈళ్ళందర్నీ పీకేసి జూనియర్లని దింపాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మేం గేటు ముందు కూర్చున్నప్పుడు కార్ల అద్దాలు దించి జనం మమ్మల్నీ ఇలాగే అనేవారు. వాడి కాలరు పట్టుకున్నాను. "అది మా అమ్మాయిరా. ఆడుకోడానికి రాలేదు, డ్యూటీకొచ్చింది" అన్నాను. అన్నాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. పెనుగులాటలో నా చొక్కా చిరిగింది. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఓనర్ దగ్గరికి భయంతోనే వెళ్ళాను తల్లీ. గేటు బయట బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఎండ నీకు తగలకూడదనుకున్నాను. ఇప్పుడు వాడి ముందు కట్టుకున్న ఈ చేతుల్ని చూసుకోబుద్ధి కావడం లేదు.

అనూరాధ ఆపరేషన్‌కి ఒప్పుకున్నారని, నిన్ను మాత్రం తీసేశారని జయమణి చెప్పింది. నీ కోసం సంఘం మళ్ళీ కోర్టులో కూత పెట్టనంటోందట. రేపు నువ్వు బ్యాగుతో బయటికి వచ్చేసరికి క్యాంపు గేటు దగ్గర ఉంటాను. కామరాజూ, మా షిఫ్టు వాళ్ళూ వస్తున్నారు. జెండా మీదే, మాది తేవడం లేదు. మేం ఎక్కడ కూర్చోవాలో నువ్వే చెప్పు.

నీ మాట కోసం చూస్తూ,
శ్రీరామ్మూర్తి